నిశ్శబ్దం కోసం నేను ఆపిన లిఫ్టు

నిశ్శబ్దం వల్ల మనిషికి ఎంత చేటు జరుగుతుందో ఉప్పల్ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక మధ్యాహ్నం, గంటంటే గంటసేపు, చప్పుడు అన్నదే ఉండకూడదని పట్టుబట్టి నా నాలుగేళ్ల ఇంజనీరింగును గంగలో కలపబోయాను. దానికి తోడుగా ఒక పెద్దావిడను కూడా పంపించబోయాను.

అప్పుడు నేను నాచారం అవతల ఒక కాలేజీలో ఫైనలియర్. రోజూ రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో కాలేజీకి వచ్చేవాణ్ని. వచ్చేవాణ్ని అంటే, గేటు దాకా. గేటు పక్కనే చాయ్ హోటల్ ఉండేది. దాన్ని దాటుకుని లోపలికి వెళ్లడానికి కావలసిన మనోబలం దేవుడు నాకు ఇవ్వలేదు. సెమిస్టర్ చివరికి వచ్చేసరికి నోటీసు బోర్డు మీద నా పేరు ఎర్ర సిరాలో వెలిసింది.

హాజరు తక్కువైనవాళ్లు ఒక ఫారం నింపి, దాని మీద హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకుని, శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు కింద పరీక్షల సెక్షన్‌లో ఇవ్వాలి. లేకపోతే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు. మా నాన్న నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద షిఫ్టులు చేసి నన్ను చదివిస్తున్నాడు. "మావోడు ఇంజనీరు" అని తోటివాళ్లకు అప్పటికే చెప్పేసుకున్నాడు. ఆయన ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియక నాకు అన్నం సయించడం మానేసింది.

మా హెచ్‌ఓడీ సరళ మేడం. మనిషి పొట్టి, గొంతు పొడుగు. మా కాలేజీలో లిఫ్టు స్టాఫుకు మాత్రమే. స్టాఫే అయినా ఆమె లిఫ్టు ఎక్కగా చూసినవాళ్లు లేరు. పైగా మెట్ల దగ్గర ఎవరైనా ఆయాసపడుతూ దొరికితే అక్కడే క్లాసు పీకేది. "ఇరవై రెండేండ్లు లేవు, గిప్పుడే రొప్పుతున్నవా? నన్ను సూడు. నాలుగంతస్తులు రోజు నడుస్త." అందుకని మేము ఆమెను చూస్తే మెట్ల మీద ఊపిరి బిగబట్టుకుని నడిచేవాళ్లం.

ఈ గండం గట్టెక్కే ఉపాయం నాకు తట్టింది. మా మిత్రుడు డేవిడ్‌కు చెప్పాను. డేవిడ్ చర్చిలో పాటలకు మైకులు అమర్చి అమర్చి సౌండు విషయంలో ఆరితేరినవాడు.

"సంతకం సీదా అడిగితే ఏమైతది బావా?" అన్నాడు.

"తిడ్తది."

"తిట్టినంక?"

"ఇంకా తిడ్తది. అందుకే పాడ్‌కాస్ట్‌కు పిలుస్త. మన స్టూడియోల కూసోబెట్టి మస్తు పొగుడుత. మెత్తపడ్డంక ఫారం ముందర వెడ్త."

"టాపిక్ ఏంది?"

"క్రమశిక్షణ."

వాడు తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. "క్రమశిక్షణ గురించి నువ్వు అడుగుతవా?"

"అడిగేదే నేను. చెప్పేది ఆమెనే కదరా."

వెళ్లి మేడంను పిలిచాను. కళ్లజోడు పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. "శుక్రవారం మూడింటికి వస్త" అంది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

స్టూడియో అంటే మీరు పెద్దగా ఏమీ ఊహించుకోకండి. నాలుగో అంతస్తు చివర ఒకప్పటి సామాన్ల గది. గోడలకు స్పాంజి అంటించి, బల్ల, రెండు మైకులు, ఒక కంప్యూటర్ పెట్టారు. కాలేజీ మొత్తానికి అదొక్కటే. తలుపుకు వేలాడే రిజిస్టర్‌లో పేరు రాసుకుంటే గంట మనది. రెండు నుంచి మూడు ఎంబీఏ సార్లు ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకుంటారు. నాలుగు కొట్టగానే యాన్యువల్ డే డ్యాన్సువాళ్లు వచ్చి తలుపు బాదుతారు. మధ్యలో గంట నాది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టి, బయట ప్లాస్టిక్ బుట్టలో వేసి లోపలికి రావాలి. అది అక్కడి రూలు.

శుక్రవారం రెండు యాభైకి సార్లు వెళ్లిపోగానే మేము దిగాం. డేవిడ్ హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు. గుయ్‌మని ఏదో మోత.

"ఏసీది" అన్నాడు.

ఏసీ ఆపాను. మోత తగ్గింది గానీ పోలేదు. ఫ్యాను ఆపాను. ట్యూబ్‌లైట్ ఆపాను. వరండాలో వాటర్ కూలర్ ప్లగ్గు పీకాను. చీకట్లో, ఉక్కలో, చెమటలు కార్చుకుంటూ మేమిద్దరం ఆవకాయ జాడీలో ముక్కల్లా కూర్చున్నాం. అప్పుడు మళ్లీ కొత్తగా ఇంకో మోత మొదలైంది.

"ఇది లిఫ్టు. మోటారు మన నెత్తి మీదనే ఉంటది" అన్నాడు డేవిడ్.

"మరి ఎంబీఏ సార్లు ఎట్ల రికార్డ్ జేస్తున్రు?"

"వాళ్ల పాఠాలు ఎవరింటరు?"

లిఫ్టు కరెంటు డబ్బా మా తలుపు పక్కనే, గోడకు ఉంది. తాళం ఉండవలసిన చోట ఇనుప తీగ చుట్టి ఉంది. నేను తీగ విప్పుతుంటే డేవిడ్ బయటికి వచ్చాడు.

"అరేయ్, ఎవరన్న ఎక్కితే?"

"స్టాఫంత కింద మీటింగ్‌ల ఉన్నరు. మేడం ఎట్లాగూ మెట్ల మీదనే వస్తది."

"పెద్దసార్లు గిట్ల ఎక్కితే?"

"జర నడిస్తే ఆరోగ్యానికి మంచిది" అని స్విచ్ కిందికి లాగాను.

మోత మధ్యలోనే టక్కున ఆగిపోయింది. అబ్బ, ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ మరిచిపోలేను. పాఠకులారా, మోటారు తిరుగుతోందంటే లిఫ్టులో ఎవరో ఉన్నట్టేనని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. మీరు తెలివైనవాళ్లు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ ఫైనలియర్.

మూడు దాటింది. మేడం రాలేదు. మూడూ పది అయింది. కంప్యూటర్ వెలుతురులో నా చూపు గోడ గడియారం మీద ఒకసారి, ఫారం మీద ఒకసారి. ఖాళీగా కూర్చోవడం ఎందుకని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ధన్ ధన్‌మని చప్పుడు.

"ఎక్కడనో కొడ్తున్నరు" అన్నాడు డేవిడ్.

"పీర్జాదిగూడ దిక్కు అన్ని అపార్ట్‌మెంట్లే కదా. స్లాబు కింద సెంట్రింగ్ చెక్కలు ఊడగొడుతున్నట్టున్నరు."

"అంత దూరంకెల్లి వినిపిస్తదా?"

"మైకు మంచిదిరా."

వాడు కొంచెంసేపు విని, "ఎవరో ఆడమనిషి గొంతు గూడ వస్తున్నది" అన్నాడు.

నేనూ విన్నాను. నిజమే, ఎక్కడో లోతుల్లోంచి సన్నగా వస్తోంది. "మేస్త్రీని తిడుతున్నట్టుంది" అన్నాను.

"పాపం మేస్త్రీ."

"పాపం గీపం తర్వాత, ముందు ఆ సౌండ్ తీసెయ్యి."

డేవిడ్ ఏదో ఫిల్టర్ పెట్టి మీటలు అటూ ఇటూ జరిపాడు. ధన్ ధన్ పోయింది. గొంతూ పోయింది. "ఆహా, గిదిరా స్టూడియో అంటే" అని వాడి భుజం తట్టాను.

ఇక ఆలస్యం చేయకుండా పరిచయ వాక్యాలు రికార్డు చేసుకున్నాను. నాకు మాటలు ధారగా వచ్చాయి. "కాలం విలువ తెలిసిన మనిషి మన సరళ మేడం. చెప్పిన టైముకు ఒక్క నిమిషం అటూ ఇటూ కారు. ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎంత ఎత్తుకైనా తన కాళ్ల మీదే నడిచి చేరుకుంటారు." రెండుసార్లు చెప్పి, రెండోది ఉంచాం. అప్పటికి టైము మూడూ ఇరవై.

ఇంకో నలభై నిమిషాల్లో పరీక్షల సెక్షన్ మూసేస్తారు. డేవిడ్‌ను కిందికి పంపాను. వాడు నాలుగంతస్తులు దిగి, ఎక్కి, నాలుక బయటపెట్టి వచ్చాడు.

"రూంల లేదు. మూడింటికి ముందే పైకి వోయిందట."

"మరి మెట్ల మీద కనవడ్డదా?"

"లేదు."

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. డేవిడ్ మెల్లగా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఫిల్టర్ తీసేశాడు. విన్నాడు. వాడి మొహంలో రంగు దిగిపోయింది.

"బావా, ఆ మేస్త్రీని తిడుతున్న ఆమె నీ పేరు వెట్టి పిలుస్తున్నది" అన్నాడు.

ఆ తర్వాత నేను ఎట్లా లేచానో, కుర్చీ ఎటు పోయిందో తెలియదు. వరండాలోకి ఉరికి స్విచ్ పైకి కొట్టాను. నెత్తి మీద మోటారు గుయ్‌మంది. జన్మలో అంత తియ్యటి చప్పుడు నేను వినలేదు. లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల సరళ మేడం జవాబు పత్రాల కట్ట మీద కూర్చుని ఉంది. చేతిలో చెప్పు ఉంది. గోడను బాది బాది దాని మడమ ఊడిపోయింది.

"మేడం, కరెంటు వోయింది" అన్నాను.

"కరెంటు వోతే లిఫ్టుల నా నెత్తి మీద లైటు ఎట్ల వెలిగింది?"

"అది ఇన్వర్టర్ మేడం..."

"శ్రీకాంత్."

"నేనే మేడం. నేనే బంద్ జేసిన. సౌండ్ వస్తుందని."

"పద్నాలుగు సార్లు ఫోన్ జేసిన."

బుట్టలో ఉన్న ఫోను వైపు చూపించాను. పక్కనుంచి డేవిడ్, వాడి అమాయకత్వం పాడుగాను, "ఇంకెవరికన్న చేయకపోయిన్రా మేడం? ప్రిన్సిపల్ సార్‌కు చేస్తే నిమిషంల వస్తుండె కదా" అన్నాడు.

మేడం నాలుగేళ్లలో మొదటిసారి చూపు పక్కకు తిప్పుకుంది. అప్పుడు నాకు వెలిగింది. మెట్లెక్కే మేడం లిఫ్టులో ఇరుక్కుందని ఎవరికి చెప్పుకుంటుంది? పిల్లలు తిరిగే మొదటి అంతస్తు దాకా చకచకా మెట్లెక్కడం, అక్కడ అటూ ఇటూ చూసి లిఫ్టులోకి దూరడం, ఆమె రోజూ నడిచే నడక అంతే.

"మోకాలు. మూడేండ్ల సంది వంగుతలేదు" అంది మెల్లగా.

నాకు నవ్వు రాలేదు. నిజంగా జాలేసింది. అంత నొప్పితో కూడా మాకు పాఠం చెప్పడానికి రోజూ ఒక అంతస్తు ఎక్కుతోందన్నమాట. చెయ్యి ఇచ్చి లేపాను.

"మీరు మెట్లెక్కే వచ్చిన్రు మేడం. జర లేటైంది, గంతే" అన్నాను.

మేడం నన్ను ఎగాదిగా చూసింది. "తెలివి బాగనే ఉన్నది. ఎప్పుడన్న క్లాసుకు తెస్తే బాగుండు" అంది. తర్వాత చెయ్యి చాచింది. "ఫారం ఇటియ్యి."

"ఏ ఫారం మేడం?"

"ప్రతి ఏడాది హాజరు తక్కువున్నోడే నన్ను దేనికో ఒకదానికి పిలుస్తడు. పోయినేడు ఒకడు క్రికెట్ మ్యాచ్‌కు ముఖ్య అతిథిని జేసిండు. ఎండల కూసోబెట్టి సంతకం అడిగిండు. నువ్వు నయం, నీడల ఉంచినవు."

ఫారం గోడకు ఆనించి ఆమె రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే ఉంది. సంతకానికి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు. గడియారం మూడూ యాభై నాలుగు. ఇవ్వగానే చదవకుండా లాక్కుని మెట్ల మీదుగా ఉరికాను. పక్కనే లిఫ్టు నోరు తెరుచుకుని నిలబడి ఉంది, ఎక్కే ధైర్యం చాలలేదు.

పరీక్షల సెక్షన్‌లో గుమాస్తా ముద్ర డబ్బా మూసేస్తున్నాడు. నేను రొప్పుతూ ఫారం చేతిలో పెట్టాను. ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. నన్ను చూశాడు. మళ్లీ చదివాడు, ఈసారి బయటికి.

"ఈ విద్యార్థి పరీక్షలు మొదలయ్యే దాకా ప్రతిరోజూ ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు లిఫ్టులో కూర్చుని, అది ఆగకుండా చూసుకోవలెను. లిఫ్టులో ఉన్నంతసేపు హాజరైనట్టుగా పరిగణించి పరీక్షకు అనుమతించగలరు."

చదివి ఫారం బల్ల మీద పెట్టాడు.

"ఏం బ్రాంచి బాబు నీది?" అన్నాడు గుమాస్తా.

"మెకానికల్ సార్."

"అయితే ప్రాక్టికల్స్ అనుకో" అని ముద్ర కొట్టాడు.

ఆ తర్వాత రెండు వారాలు లిఫ్టులో స్టూలేసుకుని కూర్చున్నాను. మేడం రోజూ మొదటి అంతస్తులో అటూ ఇటూ చూసి ఎక్కేది. "నాలుగు" అనేది. నేను నొక్కేవాణ్ని. వేరే మాట లేదు. గుమాస్తా పుణ్యమా అని సంగతి తెలిసిన ఎంబీఏ సార్లు మాత్రం ఎక్కగానే, "బాబూ, ఇయ్యాల ఆపవు కదా?" అని అడిగి దండం పెట్టుకునేవాళ్లు. నాలుగేళ్ల చదువులో నేను ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకుండా హాజరైంది ఆ లిఫ్టుకే. పరీక్షలు రాశాను, పాసయ్యాను. మా నాన్న కాలనీ మొత్తం లడ్డూలు పంచాడు.

ఆ స్టూలు మీద కూర్చునే, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. నా చేత్తో వేయని స్విచ్చును ఈ జన్మలో నా చేత్తో ఆపను. ఈనాటికీ ఆ మాట తప్పలేదు.

"ఏందయ్యా, ట్యాంకు నిండి పొర్లుతున్నది. మోటారు బంద్ జెయ్యరాదు?" అని అరుస్తుంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఎవరేసిన్రు?" అంటాను.

"నేనే ఏసిన."

"అయితే నువ్వే బంద్ జెయ్యాలె."

మా ఆవిడ దాన్ని బద్ధకం అంటుంది. బద్ధకం కాదు, వ్రతం. వ్రతం కాబట్టే వారానికి రెండు మూడు రోజులు నాకు ఉపవాసం కూడా ఉంటోంది.