మళ్ళీ పిలువు

సైమా తండ్రి బషీర్‌కు ఖమ్మం కమాన్ బజార్లో గాజుల కొట్టు. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ చదివింది ఆమె ఒక్కతే. ఊళ్ళోనే చదువుకుని, వైరా రోడ్డులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ఎవరి సాయమూ లేకుండా ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం, మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో రైతులను వంతులవారీగా పిలిచేది. రైతు బస్తాలతో గేటు దగ్గరికి రాగానే పేరు కంప్యూటర్లోకి ఎక్కుతుంది. వంతు వచ్చినప్పుడు బోర్డు మీద కనపడుతుంది, మైకులో వినపడుతుంది.

కంప్యూటర్ ముందు కూర్చునేది తుల్సీరాం. యాభై దాటిన మనిషి. అంతకుముందు గేటు దగ్గర నిలబడి గొంతెత్తి పేర్లు పిలిచేవాడు. కొత్త పనిని ఇష్టంగా నేర్చుకున్నాడు.

మిర్చి సీజన్ ఊపందుకోగానే ప్రోగ్రాం పడిపోవడం మొదలైంది. ఉన్నట్టుండి బోర్డు నల్లబడేది. మళ్ళీ మొదలుపెడితే వరసంతా పోయేది. ఎండలో ట్రాక్టర్ల దగ్గర నిలబడ్డ రైతులు తిట్టుకునేవాళ్ళు. యజమాని వెంకటప్పయ్య ఫోన్ చేస్తే సైమా వచ్చి చూసింది. తన ల్యాప్‌టాప్‌లో ఎంత నడిపినా తప్పు దొరకలేదు. ఇక్కడ మాత్రం తుల్సీరాం కూర్చున్న పూటే పడిపోతోంది. యజమాని మేనల్లుడు ఉదయ్ కూర్చుంటే ఒక్కసారీ పడలేదు.

"మీరేం నొక్కుతున్నరు కాకా?"

"ఉన్న మీటలే నొక్కుతున్న మేడం."

"మరి ఉదయ్ నొక్కితె ఎందుకు పడతలేదు?"

సైమా యజమాని వైపు తిరిగి, రైతులందరూ వింటుండగా అంది: "ప్రోగ్రాంల ఏం లేదు సార్. నడిపెటోళ్ళకు తెలివి ఉండాలె."

"సరేలే. రేపట్నుంచి ఉదయ్ చూసుకుంటాడు," అన్నాడు వెంకటప్పయ్య. తుల్సీరాం లేచి బస్తాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బోర్డు ఆగలేదు. తను చెప్పిందే నిజమని సైమా నిశ్చింతగా ఉంది.

కొన్నాళ్ళకు ప్రింటర్ పని మీద ఆమె మళ్ళీ వచ్చేసరికి, ఏన్కూరు వైపు నుంచి వచ్చిన సోమ్లి అనే రైతు కిటికీ దగ్గర అరుస్తోంది.

"నీళ్ళకు పోయినప్పుడు నా పేరు పిలిచిండ్రట. మళ్ళ పిలువుమంటె పిలుస్తలేడు! తుల్సీరాం ఉన్నప్పుడు రాకపోతె మళ్ళ మళ్ళ పిలుస్తుండె."

"అంతమందిని మళ్ళీ మళ్ళీ పిలుస్తూ కూర్చోమంటారా?" అన్నాడు ఉదయ్.

"'మళ్ళీ పిలువు' అని మీట ఉంది గద. నొక్కు," అంది సైమా.

ఉదయ్ నొక్కాడు. బోర్డు మీద సోమ్లి పేరుకు బదులు ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. వెంటనే బోర్డు నల్లబడింది.

తుల్సీరాం నొక్కిన మీట ఏదో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆఫీసుకు వెళ్ళి కోడ్ తెరిచింది. రైతు వివరాల కోసం ఆమె రాసిన క్లాసులో, అంటే ఆ వివరాల నమూనాలో, పేరు నేరుగా ఉండదు. పేరు మెమరీలో ఎక్కడుందో చెప్పే పాయింటర్ మాత్రమే ఉంటుంది. ఆ నమూనాతో ఒక్కో రైతుకు తయారైన ఆబ్జెక్ట్‌ను బోర్డుకు పంపినప్పుడల్లా దానికి నకలు తయారవుతోంది. నకలుకు సొంత పేరు లేదు, అదే చిరునామా. బోర్డు పని అయిపోగానే నకలు నశిస్తూ, ఆ పేరున్న చోటును కూడా ఖాళీ చేసి పోతోంది. వరసలో ఉన్న అసలు ఆబ్జెక్ట్ చేతిలో మిగిలేది తనది కాని చోటుకు చిరునామా. సాయంత్రం కంప్యూటర్ ఆపేదాకా ఎవరూ ఆ పేరు మళ్ళీ అడగకపోతే ఏమీ కాదు. అడిగితే, ఆ చోట ఇంకేదైనా చేరి ఉంటే, ప్రోగ్రాం కూలిపోతుంది. తను ల్యాప్‌టాప్‌లో ఒకటి రెండు పేర్లతోనే పరీక్షించింది. ఆ చోటు నిండే అవకాశమే రాలేదు.

పాయింటర్ ఉన్న క్లాసుకు, నకలు ఎలా తీయాలో చెప్పే కాపీ కన్‌స్ట్రక్టర్ మనమే రాసుకోవాలని ఆమె పరీక్షల్లో ఎన్నిసార్లు రాసిందో. కుర్చీలో ముడుచుకుపోయింది. పేరును ఆబ్జెక్టే సొంతంగా దాచుకునేలా మార్చింది. తప్పు చిరునామాలను పట్టే ఇంకో ప్రోగ్రాంతో పరీక్షిస్తే ఇక ఏ తప్పూ రాలేదు.

మర్నాడు కొత్త ప్రోగ్రాం ఎక్కించి, "కొత్త వెర్షన్ వేసిన సార్," అని మాత్రమే చెప్పింది. "మంచి పని చేశావమ్మా," అన్నాడు వెంకటప్పయ్య. ఆ మెప్పు ఆమెకు మింగుడుపడలేదు.

బయట మిర్చి ఘాటుకు ముఖానికి తువ్వాలు చుట్టుకుని బస్తాలు సర్దుతున్న తుల్సీరాం ఆమెను చూసి నవ్వాడు.

"మంచిగ నడుస్తుందట గద మేడం. నా చెయ్యి పడకుంటెనే మంచిదైంది. ఇంటికాడ మనవరాలి ఫోన్ గూడ ముడుతలేను, ఖరాబైతదని."

సైమా తలవంచుకుని స్కూటీ దాకా వెళ్ళింది. తాళం పెట్టింది గానీ తిప్పలేకపోయింది. వెనక్కి వచ్చి, "కాకా, ఒకసారి లోపలికి రండ్రి," అంది.

వెంకటప్పయ్య, ఉదయ్, కిటికీ దగ్గర రైతులు చూస్తుండగా చెప్పింది: "తప్పు నాది. నేను రాసింది తప్పు. కాకా ఏం చెయ్యలె."

"ఊకోండ్రి మేడం," అన్నాడు తుల్సీరాం. "నన్ను చూసి జాలిపడి అంటున్నరు."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి పాత ప్రోగ్రాం నడిపింది. బోలెడు పేర్లు ఎక్కించి, వరసగా పిలిచి, మొదటి పేరు దగ్గర తనే మీట నొక్కింది. కూలిపోయింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ కూలిపోయింది.

"అయిందేదో అయింది. ఇంతమందిలో ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడు వెంకటప్పయ్య, ఇబ్బందిగా.

"అప్పుడు ఇంతమందిలనే అన్న గద సార్."

తుల్సీరాం ఆ తెర దగ్గరికి వంగి చూశాడు. "అంటె మళ్ళ పిలుసుడు తప్పు గాదన్నట్టు?" అని అడిగాడు.

"తప్పు గాదు కాకా."

వెంకటప్పయ్య అతన్ని తిరిగి కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాడు. తర్వాత ఒకరోజు సైమా వెళ్ళినప్పుడు, పేరు పిలిచినా ఎవరో రైతు రాలేదు. తుల్సీరాం వేలు మీట దాకా వెళ్ళి గాల్లోనే ఆగిపోయింది.

"నొక్కాల్నా మేడం?"

"నొక్కండ్రి కాకా," అంది సైమా, అతని ముఖంలోకి చూడలేక, కీబోర్డు వైపు చూస్తూ.