అండాలమ్మ పలకరింపు

పెళ్లిళ్లకు పోవడం పోకపోవడం అండాలమ్మ ఇష్టం. పలకరింపులకు మాత్రం పోకుండా ఉండదు. ఎవరింట్లోనైనా మనిషి పోయాడని చెవిన పడితే చాలు, ఆ పూట తన కర్రీ పాయింట్‌లో పప్పూ ఒక వేపుడూ మాత్రమే వండి, షట్టర్ సగానికి దించి బయల్దేరుతుంది. హయత్‌నగర్ అయినా, బడంగ్‌పేట్ అయినా ఆటో సైదులు ఆమెను తీసుకుపోవాల్సిందే. పోయిన మనిషి ఎవరో సరిగా తెలియకపోయినా ఫర్వాలేదు. ఉన్న మనిషి పక్కన కూర్చుని, ఎట్లాయె బిడ్డా అని అడిగి, వాళ్లు చెప్పేది మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఓదార్చడం, వేదాంతం చెప్పడం ఆమెకు చేతకాదు. వినడం చేతనవును.

ఎల్‌బీనగర్‌లో ఆమె పక్క షట్టర్‌లోనే నేను చీరలకు ఫాల్, పికో కుట్టే మిషన్ పెట్టుకున్నాను. నా పేరు తిరుపతమ్మ, మాది తెనాలి వైపు. నాకు నోరు కాస్త ఎక్కువని మా ఆయనే అంటాడు కాబట్టి మీరు వేరే చెప్పక్కర్లేదు. వచ్చిన కొత్తలో ఒకసారి అండాలమ్మ నన్ను మలక్‌పేటలో ఒక పలకరింపుకు తోడు తీసుకుపోయింది. అంతా బాగానే జరిగింది. లేచేటప్పుడు మాత్రం నా నోరు ఊరుకోక "వెళ్లొస్తామండీ" అనేసింది. అండాలమ్మ నా మోచేతి పైన గిచ్చిన గిచ్చుడుకు అక్కడ కమిలిపోయింది.

చావు జరిగిన ఇంట్లో వెళ్లొస్తానని అనకూడదు. వాళ్లూ మళ్లీ రమ్మనకూడదు. మాట్లాడకుండా లేచి వచ్చేయాలి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోవాలి. ఇదంతా మా వైపూ ఉంది, నాకూ తెలుసు. నోటి అలవాటుకే తెలియదు. ఆటోలో ఇల్లు చేరేదాకా అండాలమ్మ నన్ను వదల్లేదు. "వెళ్లొస్త అంటివి. మళ్ల ఇసొంటి పని మీద పోవాల్నా ఆ ఇంటికి?" అంది.

ఇంత పట్టింపు ఉన్న మనిషికి ఒక్క పలకరింపు మిగిలిపోయింది. అదీ ఎక్కడో కాదు, సరిగ్గా ఆమె నెత్తి మీద, పై అంతస్తులో.

పైన కిరాయికి ఉండే విజయశ్రీ పోచంపల్లి మగ్గాలవాళ్ల పిల్ల. భర్త శ్రవణ్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూమ్‌లో పనిచేసేవాడట. నేను రాకముందే, కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. అదే రోజుల్లో అండాలమ్మ కూడా అదే రోగంతో దవాఖానలో ఉంది. ఆమె బతికి బయటపడి ఇల్లు చేరేసరికి పైన తాళం వేలాడుతోంది. విజయశ్రీని అన్నలు ఊరికి తీసుకుపోయారు. ఏడాది దాటాక ఆ పిల్ల బ్యాగు పట్టుకుని ఒంటరిగా తిరిగొచ్చి మెట్ల దగ్గర ఎదురుపడింది. అండాలమ్మ పలకరించడానికి నోరు తెరిచింది. బయటికి వచ్చిన మాట ఏమిటంటే, రెండు రోజుల నుంచి నల్లా వస్తలేదు బిడ్డా, అని.

ఆ తర్వాత అన్నీ నల్లా మాటలే, కరెంటు మాటలే. ఏడాది గడిచాక పలకరించడానికి పోకూడదు, ఆరిన పుండును గీకినట్టవుతుందని అండాలమ్మ నమ్మకం. ఇక ఆ తలుపు మూసుకుపోయినట్టే అనుకుంది. విజయశ్రీ కూరకు వస్తే ఒక గరిటె ఎక్కువ వేస్తుంది. ఆ పిల్ల "పోయొస్త అత్తా" అని మెట్లెక్కుతుంది. ఈమె ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడుతుంది. ఆ రోజు నల్లా సంగతి ఎందుకెత్తానా అని నాతో ఎన్నిసార్లు అందో. నేను వచ్చాక శ్రవణ్‌కుమార్ పేరు వాళ్లిద్దరి మధ్య ఒక్కసారి కూడా వినలేదు.

విజయశ్రీది డబ్బింగ్ పని. పొద్దున్నే మెట్రో ఎక్కి ఊరికి అవతలి కొసన ఉన్న స్టూడియోలకు పోతుంది. మొదట్లో సబ్బుల ప్రకటనలు, బొమ్మల సినిమాల్లో కోతిపిల్లలు. కిందటేడు 'చుక్కల కోట' అనే సీరీస్‌లో రాణి మెహీరా గొంతు ఆమెకు దక్కింది. ఆకాశంలో కోటలు, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు, మంత్రాలు, యుద్ధాలు. శుక్రవారం సాయంత్రం కొత్త భాగం వస్తుంది. అండాలమ్మ దాని కోసమే కొట్లో గోడకు టీవీ పెట్టించింది. కూరల కోసం వచ్చే హాస్టల్ పిల్లలు పొట్లాలు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడిపోతారు.

అండాలమ్మకు కథ సగం ఎక్కదు. రాణి నోరు తెరిస్తే మాత్రం గరిటె ఆగిపోతుంది. ఇక్కడ "ఏంది అత్తా, టమాట అయిపోయిందా" అనే పిల్ల అక్కడ "సేనాధిపతీ, ద్వారాలు మూయించు" అంటుంటే ఆమెకు ఒకటే నవ్వు, ఒకటే గర్వం. రాణి భర్త పేరు ఓరిన్. ఈమె మొదటి రోజే అతన్ని వీరన్న చేసేసింది.

ఆ శుక్రవారం వీరన్న చచ్చిపోయాడు. అతనికి ఏదో విషపు వెలుగు సోకింది. ఎవరు ముట్టుకున్నా అంటుకుంటుందట. అందుకని చిన్న ఓడలో పెట్టి తలుపు బిగించేశారు. రాణి అద్దం ఇవతల నిలబడింది. మనకు ఆమె వీపే కనబడుతుంది. "తలుపు తీయండి" అంది. మెల్లగా, పక్కింటివాళ్లను అడిగినట్టు. ఎవరూ తీయలేదు. ఓడ చీకట్లోకి కదిలిపోయింది. అంతే, అయిపోయింది.

దాచుకోవడం ఎందుకు, నాకు నచ్చలేదు. నేను చూసే సీరియళ్లలో కాఫీలో చక్కెర తక్కువైనా అరగంట ఏడుస్తారు. ఇక్కడ మొగుడు పోతే ఒక్క వెక్కు కూడా లేదు. హాస్టల్ పిల్లల్లో బ్యాంకు పరీక్షలకు చదివే జ్యోతిక అసలు భాషలో కూడా చూసిందట. అందులో రాణి వెక్కి వెక్కి ఏడుస్తుందనీ, ముఖం కనబడదు కదా అని తెలుగులో ఏడుపు ఎగ్గొట్టారనీ తేల్చింది. ఒక అబ్బాయి ఓడ కదిలేటప్పుడు గ్రాఫిక్స్ ఎంత బాగుందో చెబుతూ పొట్లంలో పులుసు కింద పోసుకున్నాడు. సైదులుకు వచ్చిన కోపం వేరు. అంత పెద్ద రాజ్యంలో శవాన్ని ఇంటికి చేర్చే బండి లేదా అన్నాడు.

అందరూ పోయాక అండాలమ్మ టీవీ ఆపి, "గా రాణెమ్మ దగ్గరికి ఎవ్వరు పోలేదేంది?" అని అడిగింది. యుద్ధం నడుస్తోంది కదక్కా, ఎవరికి తీరిక అన్నాను. ఆమె గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది.

మర్నాటికి ఫోన్లలో నలుగురూ నాలుగు రకాలుగా రాశారు. రాతి గొంతు రాణి అని ఒకడు. డబ్బింగ్ చెప్పినావిడ నిద్ర లేచి మంచం మీంచి నేరుగా వచ్చిందా అని ఇంకొకడు. నిన్న సాయంత్రం నేనన్నదీ అదే. కానీ మన పిల్లను ఊళ్లోవాళ్లు అంటుంటే వినడం వేరు. కూర్చుని ఒక్కొక్కడికీ జవాబు పెట్టాను. మా ఆయన ఫోన్ లాక్కునేదాకా పెట్టాను. శనివారం విజయశ్రీ కూరకు దిగి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం కూరలు అయిపోయాక అండాలమ్మ తలస్నానం చేసి, పాత నేత చీర కట్టుకుని వచ్చి నా మిషన్ ముందు నిలబడింది. పలకరించి వద్దాం నడువు చెల్లె, అంది. ఎవరు పోయారక్కా అని అడిగాను.

"వీరన్న," అంది.

ఎండకు ఈమెకు ఏమైనా అయిందా అనుకున్నాను. ఒక వేళాకోళం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు ఆమె ముఖం చూశాను. మిషన్ మీద గుడ్డ కప్పి లేచాను.

విజయశ్రీ తలుపు తీసి కుర్చీలు లాగింది. అండాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇదేంది అత్తా, కింద కూసున్నరు అని ఆ పిల్ల కంగారు పడింది. రాణెమ్మను పలకరియ్యనొచ్చినం బిడ్డా, ఆమెకు ఎవ్వరు లేకపాయె, అంది అండాలమ్మ. విజయశ్రీ పకపకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. అండాలమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ముఖం చూసి ఆ పిల్ల నవ్వు ఆపింది. వచ్చి మా ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఎట్లాయె బిడ్డా?" అని అడిగింది అండాలమ్మ. ఏ ఇంట్లో అడిగినా అదే గొంతు.

విజయశ్రీ కాసేపు చీర కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది. నువ్వు చూసినవ్ గద అత్తా, అని మొదలుపెట్టింది. యుద్ధానికి పోయిండు, ఆ వెలుగు తాకింది, వద్దంటే వినకుండా పోయిండు అని సీరీస్ కథే చెప్పుకొచ్చింది. అండాలమ్మ ఊ కొడుతోంది. మాట మధ్యలో ఆ పిల్ల ఆగింది. తర్వాత, "ముందుగాల ఉత్త జరమే అనుకున్నం," అంది.

చుక్కల కోటలో ఎవరికీ జ్వరం రాలేదు. నేను తల వంచుకున్నాను. అండాలమ్మ ఊ కొడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆ పిల్ల చెప్పిందంతా శ్రవణ్‌కుమార్ గురించే. షోరూమ్ మూసేసిన రోజుల గురించి, గోళీలు వేసుకుని తగ్గిపోతుందిలే అన్న సంగతి, మెట్లు దిగుతూ రెండుసార్లు కూర్చున్న సంగతి. దవాఖానలో అద్దాల తలుపు అవతల అతను, ఇవతల ఈమె.

"తలుపు తియ్యిండ్రి అన్న అత్తా. మెల్లగనే అన్న. మొత్తుకుంటే లోపలున్నోళ్లు పరేషానైతరు గద. మర్యాదగ అడిగితే తీస్తరేమో అనుకున్న."

స్టూడియోలో ఆ సీను దగ్గర గట్టిగా ఏడవమన్నారట. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆమె నోట్లోంచి అలాగే వచ్చిందట. చివరికి వాళ్లే విసిగి సరే అన్నారట. ఫోన్లో రాసిన వాళ్లందరినీ ఆ గదిలో కూర్చోబెట్టాలనిపించింది నాకు. ఆ వరసలో ముందు కూర్చోవలసింది నేనే.

ఇంటికొచ్చాక కరోనా ఇల్లని గేటుకు రిబ్బన్ కట్టారనీ, ఎవరూ లోపలికి రావడానికి లేకపోయిందనీ చెప్పింది. ఊళ్లో కూడా అందరూ భయపడి దూరంగానే ఉన్నారట. ఎట్లాయె అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరట. చెప్పడం అదే మొదటిసారి.

"నేను ఇంట్ల లేకపోతి బిడ్డా," అంది అండాలమ్మ. "ఉంటే ఆ రిబ్బన్ తెంపుకోనన్న వస్తుంటి."

"నాకు ఎర్కే అత్తా," అంది విజయశ్రీ. అప్పుడు ఏడ్చింది. ఏడుపు రాదని జనమంతా రాసిన ఆ గొంతు వీధి దాకా వినబడేలా ఏడ్చింది. ఊరుకో అని అండాలమ్మ అనలేదు. జరిగి కూర్చుని, ఆ పిల్ల తలను ఒళ్లోకి తీసుకుని, వీపు నిమురుతూ ఉండిపోయింది. నేనూ ఏడ్చాను. అక్కడ నా ఏడుపును పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు, అదీ మంచిదే అయింది.

ఏడుపు తగ్గాక ఆ పిల్ల ముఖం తుడుచుకుంది. అండాలమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. నేనూ లేచాను. ఆమె చెయ్యి నా మోచేతి దగ్గరికి వచ్చింది కానీ ఈసారి గిచ్చే పని పడలేదు. విజయశ్రీ గడప దాకా వచ్చింది. ఎప్పుడు పోయినా మళ్ల రాండ్రి అనే పిల్ల, ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనకుండా మెట్లు దిగాం.

మెట్ల కింద అండాలమ్మ నల్లా తిప్పి కాళ్లు కడుక్కుంది. చెంబు నింపి నా కాళ్ల మీదా పోసింది. తర్వాత షట్టర్ ఎత్తి, సాయంత్రం కూరకు ఉల్లిగడ్డలు ముందేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం విజయశ్రీ కూరకు దిగి వచ్చింది. వెనక హాస్టల్ పిల్లలు వరసలో ఉన్నారు. అండాలమ్మ దొండకాయ వేపుడు పొట్లంలో వేస్తుంటే, "మా శ్రవణ్‌కు దొండకాయ పడకపోతుండె అత్తా," అంది.

అండాలమ్మ గరిటె పక్కన పెట్టింది. అతను వారంలో మూడుసార్లు అడిగి మరీ దొండకాయ కట్టించుకునేవాడట. "పడకపోతే మరి ఎందుకు కొన్కపోతుండె?" అని అడిగింది.

"నాకు ఇష్టమని," అంది విజయశ్రీ.

వెనక వరస ఎంత పెరిగినా అండాలమ్మ గరిటె అందుకోలేదు. అతను ఎలా నిలబడి అడిగేవాడో, ఏమని అడిగేవాడో చెప్పింది. ఈ పిల్ల విన్నది. చివరికి పొట్లం తీసుకుని, "పోయొస్త అత్తా," అంది.

"పోయి రా బిడ్డా," అంది అండాలమ్మ.