గుడ్లతో ఉన్న హమూర్

మా బిల్డింగు నీళ్ల ట్యాంకు మేడ మీద, నీడన్నది లేకుండా ఉంటుంది. ఎండలు ముదిరాక చన్నీళ్ల కుళాయి తిప్పితే కాగిన నీళ్లు వస్తాయి. చల్లటి నీళ్లు కావాలంటే గీజరు ఆపేసి, అందులో గది నీడన చల్లారిన నీళ్ల కోసం ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట చెప్పినా నమ్మరు. నేనూ నమ్మలేదు, నా వీపు మాత్రం వెంటనే నమ్మింది. కాపలాదారుకు ఫిర్యాదు చేస్తే, సూర్యుడితో మాట్లాడుకోమన్నాడు.

ఆ నీళ్ల పుణ్యమా అని శుక్రవారం సాయంత్రాలు గది వదిలి సముద్రం ఒడ్డుకు పోవడం అలవాటైంది. ఈ అరబ్బు దేశానికి పనికొచ్చి, మహబూలాలో ఇరుకు గదుల్లో సర్దుకునే మాలాంటివాళ్లకు అద్దె లేకుండా దొరికే విశాలం అదొక్కటే. నాతో ఒక అన్న వచ్చేవాడు. రాయచోటి వైపు మనిషి, ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆయన భార్య అర్దియాలో మరో ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలిని ఇక్కడి అలవాటు ప్రకారం ‘మామా’ అనేది. ఏళ్ల తరబడి ఒకరు ఊళ్లో, ఒకరు ఇక్కడ గడిపి, చివరికి ఇద్దరూ ఒకే దేశానికి చేరారు. ఒకే ఇంటికి చేరడం ఇంకా కుదరలేదు. వాళ్ల కాపురమంతా శుక్రవారం సాయంత్రమే. ఆమె బస్సులో వచ్చేది, చింతపండూ మసాలా పొట్లాలూ చేత పట్టుకుని. ఆయన గాలం వేసి చేప పట్టేవాడు. పక్క బిల్డింగులో వాళ్ల బంధువుల వంటింట్లో పులుసు కాగేది. నాకు పళ్లెం ఎందుకు పెట్టేవారో తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తారేమోనని.

నేను కడపలో జువాలజీ చదివాను. అందుచేత అల్ రాయ్‌లో కార్ల విడిభాగాల గోడౌనులో పనిచేస్తున్నాను. ఆ చదువు అక్కరకొచ్చిన సాయంత్రం నాకు గుర్తున్నంతలో ఒక్కటే. అప్పుడు కూడా అక్కరకొచ్చిందో, అడ్డమొచ్చిందో చెప్పలేను.

గుడ్లు పెట్టే కాలంలో కొన్ని చేపలు పట్టకూడదని ఇక్కడ చట్టం. ఏ చేప, ఏ నెల, ఎంత దూరంలో అన్నది మా గదిలో తలా ఒక రకంగా చెప్పేవారు. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే, దొరికితే తర్హీల్. అంటే వేలిముద్రలు తీసుకుని, కట్టుబట్టలతో విమానం ఎక్కించడం. ఆ తర్వాత ఈ దేశం మొహం చూసే పని ఉండదు. చట్టం సరిగ్గా తెలిసినవాడు చట్టానికి మాత్రమే భయపడతాడు. మేము అన్నిటికీ భయపడేవాళ్లం.

అన్నకు మాత్రం భయం లేదు, లేదా గాలం చేతిలో ఉన్నంతసేపు ఉండేది కాదు. ఆ రోజు పొద్దు వాలుతుండగా, ఖాళీ నీళ్ల సీసాకు చుట్టిన గాలం దారం ఒక్కసారిగా బిగిసింది. కాసేపు పెనుగులాడి, మూరెడు హమూర్ చేపను బండల మీదికి లాగాడు. గోధుమరంగు ఒళ్లు, నారింజ చుక్కలు, పొట్ట ఉబ్బి ఉంది. సముద్రపు నీళ్లు పోసిన పెయింటు డబ్బాలో దాన్ని వేశాడు. తోక బయటే ఉండిపోయింది.

“చూడు సామీ, కడుపు! నిండా గుడ్లే. నా పెండ్లాం మొక్కుకోనుంటాది ఈ పొద్దు.”

“వదిలెయ్ అన్నా. ఇది గుడ్లు పెట్టే కాలం.”

“యాల వదలాల? గుడ్లుండే చేపే గదబ్బా రుచి.”

నేను పాఠం మొదలుపెట్టాను. హమూర్లు పుట్టినప్పుడు ఆడవేననీ, బాగా పెద్దయ్యాకనే కొన్ని మగవవుతాయనీ, ఈ వయసు చేపల్ని ఏరుకు తింటే గుడ్లు పెట్టేవే మిగలవనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“మా ఇంట్లోనూ అంతే సామీ. పెండ్లప్పుడు ఆడమనిషే.”

“నవ్వులాట కాదన్నా.”

“నేనూ నవ్వలేదే. మా చెరువు నిండి మరవ పారితే ఎదురెక్కొచ్చేటివన్నీ గుడ్లతోటే వస్తాయి. ఊరంతా గోనెసంచులు పట్టుకోని దిగుతాది. పట్టకుండా ఇడిస్తే ఏమైతాది? ఎండాకాలానికి చెరువు ఇంకిపోయి, బురదలో కొంగలు తింటాయి. కొంగకు పెట్టేదానికన్నా పెండ్లానికి పెట్టేది మేలు గదా?”

నిజం చెప్పాలంటే ఆ లెక్కలో తప్పు లేదు. మా వైపు చెరువులో చేప మీద జాలి చూపడమంటే కొంగను మేపడమే. నేనూ చిన్నప్పుడు ఆ సంచీల్లో ఒకటి మోసినవాణ్ణే.

“ఇది సముద్రం. ఎండదు,” అన్నాను.

“ఎండనిదాని గురించి నీకెందుకబ్బా బాధ?”

దీనికి మా జువాలజీ పుస్తకంలో జవాబుండే ఉంటుంది. వెతుక్కునేలోగా రోడ్డు మీద పోలీసు కారు వేగం తగ్గించింది. దీపాలు మావైపు తిరిగాయి.

అన్న మొహంలో రక్తం ఇంకిపోవడం చూశాను. నా మొహం నాకు కనపడలేదు, అదొక అదృష్టం. కారు ఆగింది. తలుపు చప్పుడు వినపడకముందే నేను డబ్బా ఎత్తి నీళ్లలో కుమ్మరించాను. ఆలోచించి చేసిన పని కాదు. ఆలోచించే భాగం అప్పటికే విమానంలో కూర్చుని ఉంది.

చేప పోలేదు. డబ్బాలో ఊపిరాడక డస్సిపోయిందేమో, రెండు బండల మధ్య మడుగులో పక్కకు ఒరిగి తేలింది. తెల్లటి పొట్ట పైకి తిరిగి, కారు దీపాలకు మెరుస్తోంది.

పోలీసు కుర్రవాడే. “బతాకా,” అంటూ కార్డుల కోసం చెయ్యి చాచాడు. అన్న రెండడుగులు పక్కకు జరిగి, ఆ మడుగుకు అడ్డంగా నిలబడి కార్డు ఇవ్వబోయాడు. అది జారి కింద పడింది. తీయడానికి వంగితే చేప కనపడుతుంది. వంగకపోతే అనుమానం వస్తుంది. చివరికి నేను వంగి తీశాను. నాదీ కలిపి రెండు కార్డులూ పోలీసు చేతికిచ్చాను.

“సమక్?” అన్నాడతను, ఖాళీ డబ్బాకేసి చూస్తూ. చేపలున్నాయా అని.

“మాఫీ,” అన్నాను. లేవని. నా అరబ్బీ గేరు పెట్టెల దాకా ధారాళంగానే ఉంటుంది. చేపల గురించి నాకొచ్చింది ఆ ఒక్క మాటే.

అప్పుడే వెనక నీళ్లలో టప్‌మని తోక కొట్టిన చప్పుడు.

పోలీసు తలెత్తాడు. అన్న దగ్గాడు. దగ్గు రానివాడి దగ్గు వినడం ఎంత నరకమో ఆ క్షణాన తెలిసింది. అర్దియా నుంచి వచ్చే బస్సు, అందులోంచి దిగే ఆమె, ఒడ్డున ఎవరూ లేకపోవడం, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. వాళ్ల శుక్రవారం నేను కుమ్మరించిన డబ్బాతోనే ముగిసేట్టుంది.

అతను దారం చుట్టిన సీసా కేసి చూశాడు, మా ఇద్దరి మొహాలూ చూశాడు. కార్డులు తిరిగిచ్చి, “యల్లా, ఇంటికి,” అని చేత్తో సైగ చేశాడు. చప్పుడు వినలేదో, విని ఊరుకున్నాడో ఇప్పటికీ తెలియదు. కారు మలుపు తిరిగేదాకా మేమిద్దరం బండల్లో రెండు బండలుగా ఉన్నాం.

ముందు కదిలింది అన్నే. మడుగు మీదికి వంగాడు.

“పాయె గదా కారు. యల్లా, డబ్బా ఇట్లా తే.”

“వద్దన్నా.”

“ఇంగేం భయం?”

భయం పోయాక కూడా వద్దనగలిగితే దాన్ని నీతి అనొచ్చు. నా భయం అంగుళం కూడా తగ్గలేదు కాబట్టి ఆ సంగతి తేల్చుకోలేకపోయాను. మోకాలి లోతు నీళ్లలోకి దిగి, చేపను రెండు చేతులా నిటారుగా పట్టుకుని, మొప్పల్లోకి నీళ్లు పోయేట్టు తలను అలకు ఎదురుగా తిప్పి ఉంచాను. పొట్ట అరచేతిలో గట్టిగా, నిండుగా తగిలింది. ఇది నా చేతిలోనే చస్తుందేమోనని కొత్త భయం పట్టుకుంది. పాత భయం కూడా దాని పక్కనే సర్దుకు కూర్చుంది, మా గదిలో మనుషుల్లాగా.

“మనిషికి గూడా ఇంత సేవ చేయవు నువ్వు,” అన్నాడు అన్న. కానీ డబ్బా అడగలేదు మళ్లీ.

నాలుగైదు అలలు వచ్చిపోయాక అది ఒళ్లు విదిల్చుకుని, నా వేళ్ల మధ్యనుంచి జారి, లోతు వైపు పోయింది.

ఒడ్డెక్కేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది. బస్సు దిగి, పోలీసు కారు చూసి, దాటకుండా రోడ్డవతలే ఆగిపోయిందట. చున్నీ కొంగు గుప్పిట్లో నలిగి తాడైంది. మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

“నిన్ను ఎత్తుకపోయింటే నేనాడ మామాకు ఏమని చెప్పాల? నా మొగుడు చేపకు పాయెననా?”

“ఎత్తుకపోలేదు గదే.”

“చేపేదీ?”

అన్న నావైపు చూపించాడు. నేను చెప్పాను. కడుపుతో ఉందని, గుడ్లు పెట్టే కాలంలో పట్టడం తప్పని, చట్టం కూడా ఒప్పుకోదని. కాస్త గర్వంగానే చెప్పి ఉంటాను. ఆమె అడ్డుపడకుండా మొత్తం వింది. చింతపండు పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“పోయిన నెల నాతోపాటు పనిచేసే పిల్లకు కడుపైతే, మామా టికెట్టు తీసి ఊరికి పంపించింది సామీ.”