ఫలారానికి లెక్క లేదనుకున్నాం

బాపుకు చక్కెర రోగమని తెలిసిన ఏడాది ఎక్కడో యుద్ధం నడుస్తోంది. ఆ రోగపు సూదిమందు సిద్దిపేట దాకా వచ్చేది కాదు. మాకు బట్టల దుకాణం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు అక్షరాలు దిద్దించింది బాపు, వంట నేర్పింది మాతోనే ఉండే మేనత్త. ఆ ఇద్దరినీ ఇచ్చినందుకు దేవునికి రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను.

డాక్టరు బియ్యం మానమన్నాడు. జొన్న రొట్టె తినమన్నాడు, అదీ పూటకు అరచేయంతది ఒక్కటే. బాపు ఇంటికొచ్చి అన్నీ చెప్పాడు. మా చెవుల్లో నిలిచింది మాత్రం బియ్యం మానడమొక్కటే. అది మాకు కొత్త కాదు మరి. ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండే ఇల్లు మాది. ఆనాడు అన్నం ముట్టం. రొట్టెలు, గోధుమరవ్వ ఉప్మా, అటుకులు, ఉడికించిన గెనుసుగడ్డలు కడుపునిండా తింటాం. అన్నం కానిదంతా మాకు ఫలారమే.

"నా తమ్మునికి ఇగ దినాం ఒక్కపొద్దే. ఫలారానికి లెక్కేంది బిడ్డా, నిండుగ పెట్టు" అన్నది మేనత్త.

పెట్టాను. పొద్దున పళ్లెమంత రొట్టెలు నాలుగు, మధ్యాహ్నం ఉప్మా, సాయంత్రం గడ్డలో అటుకులో. బాపు ఆకలి ఆగేది కాదు, దాహం అంతకన్నా ఎక్కువ. ఒక్కరోజులో బిందె ఖాళీ చేసేవాడు. అటుకులు వడ్ల నుంచే వస్తాయన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. అన్నం లేకున్నా ఆయన తృప్తిగా తింటున్నాడని నేను మొక్కుకునేదాన్ని.

వానాకాలంలో కొత్త చెప్పు కరిచి బొటనవేలి దగ్గర పుండైంది. అది మానలేదు. నల్లబడుతూ మడమ దాకా పాకింది. డాక్టరు ఇంటికొచ్చి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. తలుపు చాటు నుంచి నేనే చెప్పాను, మూడు నెలలుగా ఒక్క మెతుకు పెట్టలేదని కాస్త గొప్పగానే చెప్పాను. పళ్లెం చూపించమన్నాడు. అందులోని రొట్టెలు ఒక్కొక్కటే లెక్కపెట్టి అన్నాడు.

"బియ్యమైనా జొన్నలైనా గడ్డలైనా కడుపుల పడ్డంక ఒక్కటే తల్లీ. ఎంత పెట్టిన్రన్నదే లెక్క."

బాపు చిన్నగా నవ్వాడు. "మేం దేవునికి ఒక్కపొద్దున్నం సాబ్. రోగానికి ఉండలే."

కాలు తీయించాలంటే హైదరాబాదు పోవాలట, పోయినా నమ్మకం లేదట. బాపు పోనన్నాడు. ఇక ఏం పెట్టినా ఒకటేనని, బయటికి వెళ్తూ డాక్టరు మేనత్తతో అన్న మాట నేనూ విన్నాను.

అయినా మర్నాటి నుంచి కొలిచి పెట్టసాగాను. పిండి మీద అరచేయి ఆనించి, పక్కలు తీసేసి, ఒక్కటే కాల్చేదాన్ని. ఒకనాడు మధ్యాహ్నం బాపు అది తిని, ఖాళీ పళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకో సగం పెట్టు బిడ్డా."

"డాక్టరు వద్దన్నడు బాపూ."

మళ్ళీ అడగలేదు. పళ్లేనికి మొక్కి చేయి కడుక్కున్నాడు. మేనత్త గోడ వైపు తిరిగింది.

పది రోజులైనా గడవకముందే పోయాడు. చివరిదాకా పుండు నొప్పి ఆయనకు తెలియలేదు. అందుకూ దేవునికి దండం పెట్టుకున్నాను. ఆ సగం రొట్టెతో చెడేదేమీ మిగల్లేదని తెలిసీ పెట్టలేదు నేను. దాన్ని ఆ దేవుని ముందు ఏమని చెప్పుకోవాలో ఇన్నేళ్ళయినా తెలియలేదు.