విరహానికి కషాయం

మనుషులంతా ఒకరికొకరు ఆరడుగుల దూరంలో నిలబడడం నేర్చుకుంటున్న ఆ కాలంలో, నేను మాత్రం నన్ను ఏడిపించే ఒక మనిషికి అంగుళం కూడా దూరం జరగలేక నానా తంటాలు పడుతుండేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. సూరత్ రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగం. పై అంతస్తు దుకాణంలో పార్సిళ్ళు చూసే అబ్బాయి, మన తెలుగువాడే, నాకు ప్రాణం. ఆయనగారికి మనసైతే చాయ్‌కి పిలిచేవాడు, లేకపోతే ఫోన్‌లో నన్ను బ్లాక్ చేసి పడేసేవాడు. ఎందుకు చేశాడో అతను చెప్పేవాడు కాదు, మళ్ళీ ఎందుకు తీశాడో నేను అడిగేదాన్ని కాదు (అడిగితే మళ్ళీ చేస్తాడని భయం).

బ్లాక్‌లో ఉన్న రోజులన్నీ పాటలతో గడిపేదాన్ని. తెలుగు, హిందీ, గుజరాతీ, ఏ భాషైనా సరే, నువ్వు విషమని తెలిసినా నిన్ను వదల్లేనని ఎవరో ఒకరు గొంతు చించుకోవాలి. దుకాణంలో తిట్లు తిని వచ్చిన బిల్లుల పిల్లను కాస్తా, పాట మొదలవగానే మహా ప్రేమికురాలినైపోయేదాన్ని. నా ఫోన్ లౌడ్‌స్పీకర్‌లో తప్ప పలికేది కాదు. మామూలప్పుడైతే వడోద్ బస్తీలో మా రెండు గదుల ఇంటి చుట్టూ మరమగ్గాల మోత, నా పాటలు ఎవరికీ వినపడేవి కావు. ఆ వేసవిలో కూలీలు ఊళ్ళకు వెళ్ళిపోయి సగం మగ్గాలు ఆగిపోవడంతో, నా గుండెకోత గల్లీ అంతటికీ వినిపించసాగింది. అందరికంటే శ్రద్ధగా వినేది మా నానమ్మ. ప్రియుడు తరిమేసినా అతని గుమ్మం వదలనని ఒకామె ఏడుస్తుంటే, ఆ పిల్లకు తల్లిగారిల్లు లేదా అని నన్ను అడిగింది. కళాహృదయం లేని ముసలిదని సరిపెట్టుకున్నాను.

ఒక సోమవారం ఇద్దరం చాయ్ తాగి నవ్వుతూ విడిపోయాం. మంగళవారం పొద్దున్నకల్లా బ్లాక్. ఆ సాయంత్రం అమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే, నేనొక నిట్టూర్పు విడిచి, నోటికి ఏదీ రుచించడం లేదన్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"రుచి తెలుస్తలేదా? వాసన?"

"ఏదీ తెలుస్తలేదమ్మా," అన్నాను, కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తూ. నేనింకా పాటలోనే ఉన్నాను మరి.

కంచం చేతిలో ఉండగానే నన్ను లోపలి గదిలోకి తోసి తలుపు వేసేశారు. నాన్న పక్కింటి నుంచి వేలికి పెట్టే ఆక్సిమీటర్ తెచ్చి, తలుపు సందులోంచి జారవిడిచాడు. మిరియాలు, శొంఠి, ఇంకా ఏమేమి వేసిందో గానీ అమ్మ కాచిన కషాయం గడియగడియకూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. ఇది కరోనా కాదు, ప్రేమ అని చెప్పేయొచ్చు. చెబితే నాన్నతో ఏం జరుగుతుందో ఆలోచించి కషాయాన్నే ఎంచుకున్నాను. మర్నాడు వ్యాన్‌లో వచ్చినవాళ్ళు ముక్కులో పుల్ల పెట్టి వెళ్ళారు. అమ్మ ఎంత చెప్పినా వినకుండా నానమ్మ నాకు తోడుగా తలుపు అవతల పీట వేసుకుని కూర్చుంది.

రిపోర్టు రాకముందే అతని ఫోన్ వచ్చింది. దుకాణంవాళ్ళ ద్వారా తెలిసిందట. చూశావా, తట్టుకోలేకపోయాడని నా గుండె పొంగిపోయింది.

"జర విను," అన్నాడు. "సోమవారం మనం చాయ్ తాగినమని మా సేఠ్‌కు గిట్ల చెప్పకు. నన్ను గూడ ఇంట్ల కూసోబెడ్తడు. ఎవరన్న అడిగితే నేనెవరో నీకు తెల్వదను."

నీకెలా ఉందని అడుగుతాడేమోనని కాసేపు ఆగాను. అడిగాడు కూడా, తనకేమైనా అంటించానా అని. అలవాటు కొద్దీ సారీ చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో తలుపు అవతలి నుంచి నానమ్మ గొంతు, కోపం లేదు, వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు వినిపించింది.

"గిన్ని పాటలు గీనికోసమేనా, బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని దిండు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అవతల అతను ఎందుకు నవ్వుతున్నావని రెండుసార్లు గద్దించి, ఫోన్ పెట్టేసి, నన్ను యథావిధిగా బ్లాక్ చేశాడు. ఏడుపు వస్తుందని మంచం అంచున కూర్చుని చాలాసేపు ఎదురుచూశాను. రాలేదు. వంటింట్లోంచి మాడు వాసన మాత్రం వచ్చింది. పోపు మాడుతోందని లోపలి నుంచే అరిచాను. పోపు సంగతి వదిలేసి, పిల్లకు వాసన తెలిసిందని అమ్మ కళ్ళొత్తుకుంది. రిపోర్టులో ఏమీ లేదని వచ్చాక ఆ ఘనతంతా కషాయానికే దక్కింది. గల్లీలో ఇంటింటా దాన్ని కాచుకుని తాగారు. నానమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు, తన వంతు గ్లాసు తానూ బుద్ధిగా తాగింది.

ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల నాకు ఎదురుపడితే ముందు ఒక మొట్టికాయ వేస్తాను. ఆ తర్వాత పక్కనే కూర్చుని కాసేపు ఏడవనిస్తాను. అంత తీరిగ్గా, అంత ఇష్టంగా ఏడవడం నాకు మళ్ళీ చేతకాలేదు.