అత్తయ్య మెలిపెట్టిన అంచులు

మా మేనత్త, లోపల కైమా పెట్టి వేయించే కొరియా మాండూలకు కూడా కజ్జికాయల్లాగే అంచు మెలిపెట్టేది.

భవానీపురంలో వాళ్ల ఇంట్లో కూతురు కేన్సర్‌కు కీమో తీసుకునే రోజుల్లో ఫోనులో కొరియా సీరియళ్లు చూస్తూ, "అమ్మా, అవి చేసిపెట్టవా?" అని అడిగింది. చేతులకు పిండి అంటుకుని ఉంటే మోచేత్తో వీడియో ఆపుకుంటూ అత్తయ్య నేర్చుకుంది. వాళ్లు వేసే సన్నటి నూడుల్స్ దొరక్క చికెన్ కైమాలో సేమ్యా కలిపింది. వీడియోలో అంచు తడిచేసి నొక్కి వదిలేశారు. అత్తయ్యకు అది చాల్లేదు.

"నూనెలో విచ్చుకుంటే ఇంకేముందమ్మాయ్," అంటూ ఒక్కోదాన్నీ చివరిదాకా మెలిపెట్టేది. కూతురు ఒకటి తిని, ఇంకోటి చేతిలో పట్టుకుని నిద్రపోయేది.

ఆ పిల్ల పోయాక, జ్ఞాపకార్థ కూడికకు వచ్చేవాళ్లకు అవే పెడతానంది అత్తయ్య. సమాధి దగ్గర కూడా ఏడవలేదు ఆవిడ. ఆవేళ పక్కన కూర్చుని నేనూ మడిచాను. తొందరలో ఒకదాని అంచు నొక్కి వదిలేశాను.

అది మూకుట్లో విచ్చుకుంది. కైమా చెదిరి నల్లబడింది. చిల్లుల గరిటె పట్టుకుని అత్తయ్య భోరుమంది.

"నేనే సరిగ్గా చూసుకోలేదమ్మాయ్. నేనే చూసుకోలేదు."

అది నేను మడిచిందని అత్తయ్య బతికుండగా చెప్పలేకపోయాను.