కౌంటర్ దాకా వచ్చిన హెల్మెట్

ఇన్నేళ్లుగా ఒక పాత పసుపు హెల్మెట్ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

క్రికెట్ టికెట్లు ఇంకా ఫోన్లలోకి వెళ్లని రోజులవి. కౌంటర్ దగ్గర పొద్దున్నే లైను కట్టేవాళ్లం. స్టీల్ ప్లాంట్ డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు తమ వంతులో పాత హెల్మెట్ పెట్టి పోయేవారు. లైను కదిలినప్పుడల్లా వెనకవాడు దాన్నీ ముందుకు జరిపేవాడు. ఎవరూ కాదనేవారు కాదు, ఎవరూ తన్నేసేవారు కాదు. ఖాళీ హెల్మెట్‌ని మనిషిగా ఒప్పుకున్న ఆ లైను గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా అక్క భర్త ఆ ప్లాంట్‌లోనే కాంట్రాక్టు కూలీ. నా ముందు తన పసుపు హెల్మెట్ పెట్టి, టికెట్ల డబ్బు నా చేతికిచ్చి వెళ్లాడు. స్కూల్ జట్టులో బౌలింగ్ వేసే కూతురికి మ్యాచ్ చూపిస్తానని మాటిచ్చాడు.

నేను పదో తరగతితో చదువు ఆపేసినా, లైబ్రరీలో అర్థశాస్త్రం పుస్తకాలు ఒక్కటీ వదలనివాణ్ణి. ధర వస్తువులో ఉండదనీ, అది కావాలనుకునేవాడి ఆరాటంలో ఉంటుందనీ అక్కడే చదివాను. మనిషికి రెండే టికెట్లు. హెల్మెట్ కౌంటర్ చేరగానే వెనకాయనే అన్నాడు, "మీ బావవి కూడా నువ్వే తీసీసుకో." తీసుకున్నాను.

కాసేపటికి కౌంటర్ మూసేశారు. బయట అవే కాగితాలకి, అడిగేవాళ్లు పెరిగినకొద్దీ ధర పోటు మీదున్న సముద్రంలా లేచింది. పేజీలో చదివిన వాక్యం రోడ్డు మీదికి నడిచొచ్చినట్టు అబ్బురంగా చూస్తూ నిలబడ్డాను. నావి అమ్మేశాను. తర్వాత బావవీ అమ్మేశాను. పుస్తకం నిజమో కాదో చూడాలనుకున్నానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. కాదు. డబ్బు కోసమే.

సాయంత్రం బావ వచ్చాడు.

"ఏటి బామ్మర్దీ, అయిపోనాయా?"

"నీ వొంతు రాకుండానే మూసీసారు."

"పోన్లే, నువ్వేటి సేత్తావు. ఎండకి నిన్ను సూడు, కాల్సిన సేపలాగైపోనావు. పద, సెరుకు రసం తాగుదాం."

నేను తిరిగిచ్చిన డబ్బులోంచే నాకు తాగించాడు.

మ్యాచ్ రోజు పాపని తీసుకుని స్టేడియం బయట రోడ్డు మీద నిలబడ్డాడు. నన్నూ రమ్మన్నాడు. లోపల అరుపు లేచినప్పుడల్లా పాప కళ్లు మూసుకుని "ఇది ఫోరు", "ఇది వికెట్టు" అనేది. పక్క పాన్‌షాపులో టీవీ చూస్తున్నవాళ్లు ప్రతిసారీ అవునన్నారు. గోడ అవతలి ఆటని ఆ పిల్ల వేలమంది గొంతుల్లోంచి చూసేస్తోంది. అంత గొప్ప సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మావయ్యా, నీకూ ఇనపడతందా?" అంది.

ఊఁ అన్నాను.

బావకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే మళ్లీ ఏదో ఒకటి తాగిస్తాడని భయం. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను. ఆరోజు హెల్మెట్ కౌంటర్ దాకా వచ్చింది. నేనే జరిపాను. దాని వంతు వచ్చింది. ఈ మాట ఒక్కసారి బయటికి అనాలనిపించింది. అన్నాను.